కాస్ట్‌కో లెక్క ఉప్పాడలో పనిచేస్తుందా?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్లని అడిగి చూడండి, వీకెండ్‌లో ఒకసారి కాస్ట్‌కోకి వెళ్లకపోతే వాళ్లకి వారం గడిచినట్టే ఉండదు. బియ్యం బస్తా, పాలు, డైపర్లు, ట్రాలీలో ఓ మూల వైన్ సీసా. ఆ సీసా దగ్గరే ఒక తమాషా ఉంది. బ్రాండ్ సరుకు మీద 14 శాతం, తమ సొంత లేబుల్ కిర్క్‌లాండ్ సిగ్నేచర్ మీద 15 శాతం. కాస్ట్‌కో మార్జిన్‌కి పెట్టుకున్న గీత దాదాపు ఇదే. పెద్ద పేరున్నవాళ్ల దగ్గర వైన్ చేయించి, ఆ పేరు సీసా మీద వేయకుండా తక్కువకి అమ్మేస్తారు. తెలివైనవాళ్లు ధర చీటీ కూడా చదువుతారు. చివర్లో .97 ఉంటే రేటు తగ్గించేశారని, పైన మూలలో చుక్క గుర్తు ఉంటే ఆ సరుకు మళ్లీ రాదని అర్థం.

మొత్తానికి కిటుకు ఏంటంటే, పేరుకి కాకుండా సరుకుకి డబ్బు కట్టడం.

ఇప్పుడు ఉప్పాడకి రండి. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో (సముద్రం ఆ రోడ్డుని ఆ వారం మింగేయకుండా ఉంటేనే), లేదంటే పిఠాపురంలో రైలు దిగి ఆటో ఎక్కేయొచ్చు. ఇంట్లో పెళ్లి అనగానే ఫ్యామిలీ గ్రూప్‌లో వాలిపోయే ‘ఒరిజినల్ ఉప్పాడ జాందానీ, 5,999 ఓన్లీ’ ఫొటోలకి అసలు ఊరు ఇదే. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ వచ్చింది. 1980ల చివర్లో డిజైనర్ ఘనశ్యామ్ సరోదే ఇక్కడి నేతవాళ్లతో కూర్చుని పట్టు మీద జాందానీ మళ్లీ నేయించడంతో దశ తిరిగింది. ఈ పని పుట్టిల్లు ఢాకా వైపు. అక్కడి జాందానీని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది.

మరి ఆ 5,999 సంగతేంటి? నాకు తెలిసిన విద్య ఒకటే, లెక్క వేయడం. జాందానీలో బుటా మెషీన్ వేసేది కాదు. గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. పేక దారం ఒకసారి అటూ ఇటూ వెళ్లాక, బుటా ఉన్న ప్రతిచోటా విడిగా చిన్న చుట్ట దారాన్ని పడుగులోకి చేత్తో ఎక్కిస్తారు. మళ్లీ పేక, మళ్లీ చేత్తో. డిజైన్‌ని బట్టి చీరకి పది రోజులు పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. సరే, మధ్యస్థంగా ఇరవై రోజులు అనుకుందాం. ఇద్దరు మనుషులు, అంటే నలభై పనిదినాలు. రోజుకి 500 వేసుకున్నా కూలే 20,000. పట్టు, జరీ, రంగు ఇంకా లెక్కలోకే రాలేదు. కాబట్టి ఒళ్లంతా బుటాలున్న పట్టు జాందానీని ఆరు వేలకి ఇస్తున్నారంటే రెండే సంగతులు: అది జాందానీ కాదు, లేదా ఎవరి కూలో ఎగ్గొట్టారు. ఎక్కువసార్లు మొదటిదే.

తెలుసుకోవడం కష్టమేం కాదండి. చీర తిరగేయండి, అంతే. చేత్తో ఎక్కించిన బుటా రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక బుటా నుంచి ఇంకో బుటాకి వెనకాల దారాలు వేలాడవు. వెనక దారాలు కత్తిరించిన కుచ్చులు గరుగ్గా తగులుతున్నాయా, లేక నెట్ క్లాత్ అతికించారా? అయితే అది వేరే నేత. కాస్ట్‌కోలో చుక్క గుర్తు ఎలాగో, మనకి చీర వెనకవైపు అలాగ. అంచు పొడవునా సన్నటి సూది రంధ్రాలు కనబడితే సంతోషించండి, గుడ్డ ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా బిగించిన పుల్ల గుర్తులవి. పట్టుకి సిల్క్ మార్క్, చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్. రెండు లేబుళ్లూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. ఒకటి దారం గురించి చెబుతుంది, ఇంకోటి నేత గురించి. ఒకటి చూపించి రెండోది కూడా ఉన్నట్టు మాట్లాడే సేల్స్‌మన్లు ఉన్నారు, జాగ్రత్త.

‘డైరెక్ట్‌గా మగ్గం దగ్గరే కొనేస్తే సగానికి వస్తుంది కదా’ అని చాలామంది ఊళ్లోకి వస్తారు. అంత సులువు కాదు. మగ్గం మీద ఉన్న చీర చాలావరకు నేసేవాళ్లది కాదు. పట్టు, జరీ, డిజైన్ ఇచ్చేది మాస్టర్ వీవర్, నేసేవాళ్లకి దక్కేది కూలి. వాళ్లింట్లో నిలబడి ‘ఇది నాకిచ్చేయండి’ అంటే పాపం వాళ్లేం చెప్తారు? కొనాల్సింది మాస్టర్ వీవర్ల ఇళ్ల దగ్గర, లేదా సొసైటీల్లో. అంత దూరం రాలేకపోతే ఆప్కో షోరూముల్లో అడగొచ్చు. ఊళ్లో కొంటే మిగిలేది సిటీ షోరూమ్ అద్దె, ఏసీ, హోర్డింగ్ మీద హీరోయిన్. ఆ మిగులు తక్కువేం కాదు.

వైన్ తెలిసినవాళ్లు చెప్పే మాట ఇంకోటి ఇక్కడ బాగా అతుకుతుంది. పెద్ద వైనరీలో రెండో రకం కొనడం, చిన్న వైనరీలో మొదటి రకం అనిపించేది కొనడం కంటే మేలంటారు. ఉప్పాడలో ఆ రెండో రకం ఏదంటే, ఒళ్లు ప్లెయిన్‌గా ఉండి కొంగు మాత్రం నిఖార్సైన జాందానీ. చెయ్యి అదే, దారం అదే, రోజులు తక్కువ కాబట్టి ధర తక్కువ. ఫొటోలో కనబడేది ఎలాగూ కొంగే! కాటన్ జాందానీ ఇంకా చవక, మన ఎండలకి ఇంకా హాయి. మా కజిన్ పెళ్లికి పిన్ని పెట్టిన జాబితాలో పెళ్లికూతురికి ఒక్కటే ఒళ్లంతా బుటాలది, మిగతావన్నీ కొంగు రకాలే. ఎవరూ మొహం మాడ్చుకోలేదు. టైమింగ్ కూడా చూసుకోండి. శ్రావణం ముహూర్తాలకి ముందు అందరూ ఒక్కసారే ఎగబడతారు, ఆషాఢంలో అయితే కూర్చోబెట్టి తీరిగ్గా చూపిస్తారు. ఆగస్టు 7 చేనేత దినోత్సవం చుట్టూ ప్రదర్శనలు కూడా పెడుతుంటారు.

బేరం ఆడొచ్చా? ఆడండి, కానీ ముందు రేటు కాకుండా ‘ఎన్ని రోజులు పట్టిందండీ, ఎంతమంది నేశారు’ అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే ఆ రోజుల్ని ఇద్దరితో గుణించి, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి చూసుకోండి. అప్పుడు ఎంత తగ్గించమనాలో మీకే అర్థమవుతుంది. ఒక్కోసారి తగ్గించమనడానికి నోరు రాదు కూడా. జరీ అసలుదా, టెస్టెడ్‌దా, ప్లాస్టిక్‌దా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. చాలా ధర తేడా అక్కడే దాక్కుని ఉంటుంది.

ఇంటికి తెచ్చాక హ్యాంగర్‌కి వేలాడదీయొద్దు, కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే జరీ మడత దగ్గరే విరుగుతుంది. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే సరి.