జాతకం కాదు, జవాబు పత్రం చూడండి

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడితే తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో గుళ్లకు పిల్లల తాకిడి పెరుగుతుంది. హాల్ టికెట్లూ కొత్త పెన్నులూ దేవుడి పాదాల దగ్గర పెట్టి, పేరు మీద అర్చన చేయించి తెచ్చుకుంటారు. హోసూరులో చంద్రచూడేశ్వరుని కొండెక్కి మొక్కుకునేవాళ్లూ, జాతకం చూపించి శనికి పరిహారాలు చేయించేవాళ్లూ ఉంటారు. ఫలితాలు వచ్చాక మాత్రం లెక్క రెండు రకాలుగా రాసుకుంటారు. పాసైతే స్వామి దయ, ఫెయిలైతే వీడి ఖర్మ. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని నమ్మకం నిజానికి ఏ ఫలితానికీ కారణం చెప్పలేదు. పరీక్ష తప్పడం ఒక సమాచారం. ఎక్కడ ఏది రాలేదో చెప్పే సమాచారం. దాన్ని గ్రహాల ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటే, ఓటమి వల్ల కలిగే నష్టమంతా పిల్లవాడికి మిగులుతుంది, దానివల్ల రావలసిన లాభం మాత్రం ఎవరికీ రాదు.

పిల్లల తెలివి జాతకంలో రాసి ఉంటుందన్న మాటను శాస్త్రీయంగా పరీక్షించి చూశారు కూడా. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మూఢనమ్మకాల వ్యతిరేక ఉద్యమకారుడు నరేంద్ర దభోల్కర్ తదితరులు 2008లో మహారాష్ట్రలో ఈ పని చేశారు. చదువులో మెరికల్లాంటి 100 మంది పిల్లలవీ, మేధోవైకల్యం ఉన్న 100 మంది పిల్లలవీ జాతకాలు సేకరించి కలిపేశారు. ముందుకొచ్చిన జ్యోతిష్కులకు తలా 40 జాతకాలిచ్చి, ఏది ఎవరిదో తేల్చమన్నారు. ఫలితాలు పంపిన 27 మందిలో సరైన జవాబులు సగటున 46 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగానికి సగం సరిపోతాయి. ఇంత పెద్ద తేడానే పట్టలేని జాతకం, 34 మార్కులతో తప్పినవాడికీ 35తో గట్టెక్కినవాడికీ మధ్య తేడాను ఏ గ్రహంలో చూపిస్తుంది?

కారణం దొరికే చోటు వేరే ఉంది. తమిళనాడులో ప్లస్ టూ విద్యార్థి రుసుము కట్టి తన జవాబు పత్రం నకలు తెప్పించుకోవచ్చు, తర్వాత మార్కులు మళ్లీ కూడించడానికో పునర్మూల్యాంకనానికో దరఖాస్తు చేయవచ్చు. ఆ నకలు ముందు పెట్టుకుంటే చాలా విషయాలు బయటపడతాయి: సూత్రం తెలిసీ లెక్కలో తప్పు చేశాడా, చివరి ప్రశ్నలకు టైం చాలలేదా, ఒక పాఠం మొత్తం వదిలేశాడా, లేక దిద్దినవాళ్లే పొరబడ్డారా. ఆఖరిది వట్టి ఊహ కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే వచ్చినవి 99. ఫెయిలైన వారందరి పత్రాలూ తిరిగి చూశాక వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తలరాత అనుకున్నది కొందరి విషయంలో మార్కులు వేయడంలో, ఎక్కించడంలో జరిగిన పొరపాటు.

కారణం ఒక్కోసారి చట్టంలోనూ ఉంటుంది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తప్పనిసరి చేస్తూ 2016 నాటికి పదో తరగతికి చేరింది. హోసూరు చుట్టుపక్కల తెలుగు పిల్లలకు ఇది పెద్ద చిక్కయింది. తమిళం చెప్పే ఉపాధ్యాయులను ఇవ్వకుండా తమిళంలో పరీక్ష పెడితే ఎలాగని భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకెక్కారు. హైకోర్టు మినహాయింపులిచ్చింది, 2023లో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది. ఉండే రాష్ట్రపు భాష నేర్చుకోవడం మంచిదే. నేర్పకుండా పరీక్షించడమే తప్పు. అలాంటి పరీక్షలో తప్పిన పిల్లవాణ్ణి మొద్దు అనడంలో న్యాయం లేదు. ‘మన వంశంలోనే చదువు లేదు’ అనే మాటా ఈ కోవలోదే. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ ముఖ్యమంత్రిగా 1953లో సగం పూట బడి, సగం పూట ఇంటి వృత్తి అనే పథకం తెచ్చారు. పుట్టుకే బతుకును తేల్చాలా అని జనం తిరగబడ్డారు. 1954లో తర్వాతి ముఖ్యమంత్రి కామరాజ్ దాన్ని ఎత్తేశారు.

ఖర్మ సిద్ధాంతానికి విరుగుడుగా ఇప్పుడు ‘ఓటమే విజయానికి తొలిమెట్టు’ అనే ఉపన్యాసాలు వచ్చాయి. ఇదీ ఒక మూఢనమ్మకమే. మైకు పట్టుకుని తన ఓటమి కథ చెప్పేవాడు చివరికి గెలిచినవాడు. ఓడి, మళ్లీ కట్టడానికి ఫీజు లేక ఆగిపోయినవాడిని వేదిక మీదకు ఎవరూ పిలవరు. ఓటమి దానంతట అది ఏమీ నేర్పదు. కారణం వెతికే ఓపిక, చెప్పిపెట్టే మనిషి, ఇంకో అవకాశం, ఈ మూడూ ఉంటేనే నేర్పుతుంది.

దేవుణ్ణి తలచుకుంటే ధైర్యం వస్తుంది, తప్పేముంది అంటారు. ధైర్యం వస్తే రానివ్వండి. అయితే అదే నమ్మకం రేపు ‘నీకు భక్తి చాల్లేదు’ అని ఎదురు తిరుగుతుంది, దానికి పిల్లల దగ్గర జవాబుండదు. భయం లేకపోతే చదవరంటారు. భయం వల్ల చదివేవారి సంగతేమో గానీ, మార్కులు దాచేవారు మాత్రం పెరుగుతారు. పేదవాడికి ఓడిపోయే స్తోమత ఎక్కడిదన్న ప్రశ్నే అన్నిటికన్నా గట్టిది. అది నిజం. అందుకే ఓటమిని పొగడటం మాని దాని ఖరీదు తగ్గించాలి. ఏడాది పోకుండా సప్లిమెంటరీ ఉంది. వెల్డర్ లాంటి కొన్ని ఐటిఐ కోర్సులకు ఎనిమిది పాసైతే చాలు. పాలిటెక్నిక్ పూర్తిచేస్తే ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరవచ్చు. పరిశ్రమలున్న హోసూరులో ఈ దారులు ప్రతి బడిలోనూ చెప్పాలి.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. అన్నిటికీ పరీక్షలే కారణం కాదు, కానీ ఇంత పెద్ద అంకెను గ్రహాల మీదకు తోసేయలేం. మార్కులను బట్టి పిల్లలను వేరు చేయవద్దనీ, నలుగురిలో అవమానించవద్దనీ 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలను ఆదేశించింది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. ఆ విధి ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఈసారి ఫలితాలు వచ్చినప్పుడు పరిహారానికి పెట్టే డబ్బుతో జవాబు పత్రం నకలు తెప్పించండి. పిల్లల పక్కన కూర్చుని తిట్టకుండా చదవండి.