కల్లు కాదు, కల్ల

అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ స్థిరపడిన మన తెలుగువారిలో కొందరికి ఇంట్లోనే బీరు కాచుకోవడం ఒక ముచ్చట. ఆ ముచ్చట గురించి వారు రాసేవి నేను శ్రద్ధగానే చదువుతాను. పాత్ర కడగడం దగ్గర నుంచి సీసాకు మూత బిగించడం దాకా వారు చూపే నిష్ఠ మా పెద్దల మడికి ఏమాత్రం తీసిపోదు. నా అభ్యంతరం ఆ నిష్ఠ మీద కాదు, ఆ వర్ణనల వెనుక తరచుగా వినిపించే తీర్పు మీద. బీరు కాచడం శాస్త్రమట, కల్లు గీయడం మోటుపనియట. పాలమూరు జనం కల్లు తాగి ఆస్పత్రుల పాలవడానికి ఆ మోటుతనమే కారణమట. ఇందులో మొదటి మాట అజ్ఞానం. రెండవది అన్యాయం కనుక ఈ టపా రాయవలసి వచ్చింది.

ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి సుమారు 65 డిగ్రీల వేడినీటిలో ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. మొలకలో పుట్టిన ఎంజైములు ఆ పని చేస్తాయి. రాగులు మొలకట్టి మాల్టు చేసే మన తల్లులకు ఇందులో సగం కథ తెలిసినదే. ఆ తీపినీటిని చిక్కబరిస్తే వచ్చే జిగురు పాకాన్నే మాల్టు సారమని డబ్బాలో పోసి అమ్ముతారు. కొన్నవాడు దానిని నీళ్ళలో కలిపి, చల్లార్చి, ఈస్టు చల్లి, కనిపెట్టుకొని ఉండాలి. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. గది 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మేలు. బాగా వేడెక్కితే ముక్కుకు ఘాటుగా తగిలే ఇతర ఆల్కహాళ్ళు పుడతాయి. పాత్రలో మురికి మిగిలితే పుల్లబడుతుంది. పులియడం నడుమ ఆగిపోతే చలికి ఈస్టు ముడుచుకున్నదా, లేక పాతబడి సత్తువ లేని ఈస్టు పడినదా అని చూడాలి. హైడ్రోమీటరు అంకె రెండు మూడు రోజులు కదలకుండా నిలిచాకే సీసాలలోకి ఎత్తాలి. తొందరపడినా, లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర వేయవలసిన చోట చెయ్యి జారినా సీసా పగులుతుంది. (ఇది చదివి వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో డబ్బా విప్పాలని ఉబలాటపడేవారికి ఒక మాట. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. అంతకన్నా ముఖ్యం, మన ఎక్సైజు చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇంట బీరు కాచడం నేరం.)

ఇప్పుడు చెట్టు దగ్గరికి రండి. తాటిగెల నుంచో ఈతమాను నుంచో కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్ళ చక్కెర సిద్ధంగా ఉంటుంది. మొలకతో పని లేదు, వేడితో పని లేదు. గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు, బాక్టీరియా తగిలిన క్షణం నుంచి పులియడం మొదలవుతుంది. డబ్బా విప్పినవాడికున్న వెసులుబాటు గీసేవాడికి ఒక్కటీ లేదు. చల్లని గది లేదు, ఈస్టు పొట్లం లేదు, మొదలైనదానిని ఆపే ఉపాయం లేదు. ఉన్నదల్లా కాలజ్ఞానం, చేతి శుభ్రత. గెల కొసను ప్రతిదినం పలుచగా చెక్కాలి, లేకుంటే రసం నిలిచిపోతుంది; లోతుగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. తియ్యని నీర కావాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, ఆ క్షారానికి పులియడం ఆగుతుంది. నిన్నటి మడ్డి మిగిలిన లొట్టిలో నేటి రసం వేగంగా పులుస్తుంది. కడిగిన లొట్టి కావాలో, మడ్డి ఉన్న లొట్టి కావాలో తేల్చుకోవడం బీరు భాషలో ఈస్టు మోతాదును నిర్ణయించడమే. పొద్దున తియ్యగా దిగినది మధ్యాహ్నానికి పొంగుతుంది, నాలుగైదు పాళ్ళ ఆల్కహాలుతో బీరుకు సమానమవుతుంది, మరునాటికి వెనిగరు దారి పడుతుంది. ఈ గడియారాన్ని నాలుకతో చదవగలవాడిని మోటువాడు అనడం ఎలా?

పండితవృత్తిలో బతికినవాణ్ణి కనుక ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. పులియబెట్టే ముద్దకు సంస్కృతంలో కిణ్వమని పేరు. అమరకోశం దానికి నగ్నహువును పర్యాయంగా ఇచ్చింది. కౌటిల్యుడు సురాధ్యక్షుడనే అధికారిని పెట్టి, కిణ్వంలో ఏ దినుసులు ఎంత పడాలో కొలతలతో సహా చెప్పాడు. మన సైన్సు పాఠాలలోని 'కిణ్వనం' ఆ మాట నుంచి వచ్చినదే. బీరుకు వచ్చే జబ్బులకు సూక్ష్మజీవులు కారణమని పాశ్చరు పుస్తకం రాసినది 1876లో. అది గొప్ప పనే. కానీ అంతకు ముందు లొట్టిని కడిగి ఎండలో బోర్లించినవారు ఊరికే బోర్లించలేదు.

ఇక రెండవ మాట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో ఇప్పుడు ఎవరినైనా అడగండి, 'చెట్టు కల్లా, మందు కల్లా?' అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నను భాష తెలిసినవారు ఒక్క నిమిషం నిలబడి వినాలి. కల్లుకు 'చెట్టు' అనే విశేషణం ఎందుకు అవసరమయింది? విశేష్యం దొంగల పాలయింది కనుక. నూనెకు 'గానుగ' తగిలించినప్పుడూ, నేతికి 'అసలు' తగిలించినప్పుడూ జరిగినది ఇదే. రాయచూరు మాకు పొరుగు కనుక కన్నడం చెవిన పడుతూనే ఉంటుంది. ఆ భాషలో 'కళ్ళు' అంటే మన కల్లు, 'కళ్ళ' అంటే దొంగ. మనకేమో 'కల్ల' అంటే అబద్ధం. దుకాణంలో సీసాకు ఎత్తి అమ్ముతున్న ఆ తెల్లనీళ్ళకు ఈ రెండు మాటలూ సరిపోతాయి, కల్లు అన్న మాట తప్ప.

ఆ నీళ్ళలో ఏముంటుందో దాపరికం లేదు. తీపికి చక్కెర లేదా శాకరిను, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, ఆల్ప్రజోలం. క్లోరల్ హైడ్రేటును 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేశాడు. ఆల్ప్రజోలం ఆందోళన రోగానికి డాక్టరు చీటీ మీద మిల్లీగ్రాములలో ఇచ్చే మందు, మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనిది. ఎంత మురికి లొట్టిలో, ఎంత చేతకానివాడు, ఎన్ని రోజులు పులియబెట్టినా తాటిరసంలో ఆల్ప్రజోలం పుట్టదు. పుల్లబడడం, కుళ్ళడం కిణ్వనంలో వచ్చే దోషాలు. ఇది దోషం కాదు, నేరం. దీనిని కల్లు ఖాతాలో రాసేవారు తెలియక రాస్తే తెలుసుకోవాలి, తెలిసి రాస్తే సిగ్గుపడాలి.

ఈ నేరానికి బలవుతున్నది ఎవరు? పొద్దంతా రాళ్ళు మోసి, పత్తి ఏరి, వలసపోయి తిరిగివచ్చి సాయంత్రం ఒక సీసా తాగే కూలీలు. నిత్యం ఈ మందు తాగిన శరీరం అది లేకుండా నిలవలేదు. ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మూర్ఛలు వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015లో దాడులు ముమ్మరమై సరఫరా నిలిచిపోయినప్పుడు నిజామాబాదు, నాటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల జనం ఈ లక్షణాలతో ఆస్పత్రులకు బారులు తీరారు. ఆ మూర్ఛలు కల్లు తాగినందుకు కాదు, మందు ఆగినందుకు వచ్చినవి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతపు దుకాణాలలో తాగినవారిలో పలువురు మరణించారు. అప్పుడు కూడా పరీక్షలో బయటపడినది ఆల్ప్రజోలమే.

'అయితే కల్లునే నిషేధించండి' అనే సజ్జనులు ప్రతిసారీ లేస్తారు. వారి మనసు మంచిదే, జ్ఞాపకశక్తి తక్కువ. 1993లో సారాను నిషేధించాం. తర్వాత పల్లెపల్లెనా గుడుంబా కాగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చి 1997లో సడలించాం. హైదరాబాదు కల్లు దుకాణాలను 2004లో మూసి 2014లో తెరిచాం. ఇంతలో గౌడులకూ ఈడిగలకూ మోకు, కత్తి, చెట్టు ఎక్కే విద్య అక్కరకు రానివయ్యాయి. మందు కలిపేవాడికి మాత్రం వాటిలో ఏదీ అక్కరలేదు. ఒక తొట్టి, నీటి కుళాయి, ఒక పొట్లం చాలు. నిషేధం చెట్టెక్కేవాణ్ణి దింపుతుంది, పొట్లంవాణ్ణి తాకదు.

'చెట్లు చాలవు, జనం అడుగుతున్నారు, ఏం చేయమంటారు?' అనేది అమ్మేవారి వాదన. చెట్లు చాలకపోతే కల్లు చాలదు, అంతే. మామిడికాయ దొరకని నెలలో మామిడి ఆవకాయ పేరుతో మరేదో అమ్మితే ఊరుకుంటామా? అసలు ఈ వాదనలోనే వారి నేరాంగీకారం ఉంది. ఒక తాటిచెట్టు రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లు. అదీ ఏడాది పొడుగునా కాదు. పోద్దాడుకు ఒక కాలం, పండుదాడుకు ఒక కాలం. ఈతను ఒకసారి గీస్తే కొన్నాళ్ళు విశ్రాంతినివ్వాలి. సొసైటీకి ఎన్ని చెట్లు కేటాయించారో ప్రభుత్వం దగ్గర కాగితం ఉంది. దుకాణంలో ఎన్ని సీసాలు అమ్ముడయ్యాయో దుకాణదారుకు తెలుసు. అయిదో తరగతి పిల్లవాడు చేయగల గుణకారం ఇది. ఆ పిల్లవాడికి వచ్చే జవాబు ఇన్నేళ్ళుగా అధికారులకు రావడం లేదంటే, లెక్క రాక కాదు.

2023లో హైదరాబాదులో సాగరతీరాన నీరా కేఫు వెలిసింది. మంచిదే. కానీ విద్వద్గద్వాల వీధిలో పనిచేసి అలసినవాడికి దానివల్ల కలిగిన మేలేమిటి? ఇంట్లో అయిదు గ్యాలన్ల బీరు కాచే మిత్రుడు ప్రతి పాత్ర మీద తేదీ, అంకె, ఉష్ణోగ్రత రాసిన చీటీ అంటిస్తాడు. తానొక్కడే తాగేదానికి అంత లెక్క ఉన్నప్పుడు, ఊరంతా తాగేదానికి లెక్క అడగడం అత్యాశ కాదు. నేను అడిగేది ఇంతే. ప్రతి కల్లు దుకాణం ముందు ఒక పలక పెట్టాలి. ఈ రోజు గీసిన చెట్లెన్ని, దింపిన కల్లు ఎన్ని లీటర్లు అని దాని మీద సుద్దముక్కతో రాయాలి. వారానికొక నమూనా పరీక్షకు పోవాలి, ఫలితం అదే పలక మీదకు రావాలి. మందు కలిపిన దుకాణాన్ని మూసే ముందురోజే ఆ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురందాలి. ఎందుకంటే మర్నాడు ఉదయం వణుకుతున్న చేతులతో ఆ మెట్లెక్కేది దుకాణదారు కాదు.