44 బైట్ల పీఠిక

ఒక గొంతును దాచుకోదలచినవారు దాన్ని కుదించకుండా దాచుకోవాలనీ, ఆ ఫైలును ఒక్కసారైనా తమ చేత్తో విప్పి చూడాలనీ నా అభిప్రాయం. సాహిత్యం రాసుకొనే చోట ఈ ఫైళ్ళ గొడవ ఏమిటని మీరడగవచ్చు. మన సాహిత్యంలో పెద్ద భాగం కాగితం ఎక్కకుండా నోటి మీదనే నడిచింది. అందుచేత ఇది ఇక్కడ చెప్పదగిన మాటేననుకుంటున్నాను.

2009 సంక్రాంతికి మా అమ్మమ్మ చేత ఊర్మిళాదేవి నిద్ర పాట పాడించి రికార్డు చేశాను. అరచేతిలో పట్టే చిన్న డిజిటల్ రికార్డరు అది. అరుగు మీద కూర్చొని ఆవిడ రెండు విడతలుగా పాడింది. పొద్దున ఒక భాగం, భోజనాలయ్యాక మిగిలినది. మొదటి భాగం చక్కగా వచ్చింది. రెండో భాగం ముగియవస్తూ ఉండగా బ్యాటరీ అయిపోయింది. తరువాత చూస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు. నిడివి సున్నా సెకండ్లని చూపింది. కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి ఒకరు చూసి, "ఇందులో ఏమీ లేదండీ" అన్నారు. 2011లో అమ్మమ్మ పోయింది. మళ్ళీ పాడించుకొనే వీలు లేకపోయింది.

అయితే ఆ ఫైలు పరిమాణం మాత్రం 21,69,72,044 బైట్లు. ఏమీ లేని ఫైలు ఇరవైయొక్క కోట్ల బైట్లు ఎందుకుంటుంది? ఇంత తేలిక ప్రశ్న వేసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

వేవ్ ఫైలు 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు కలిసి రూపొందించినది. దాని లోపలి సంగతి ఎంతో సరళం. మైకు మీద పడే గాలి ఒత్తిడిని సెకండుకు ఇన్నిసార్లని కొలిచి, ఆ కొలతలను వరుసగా రాసుకుంటూ పోవడమే. నా రికార్డరు సెకండుకు 44,100 సార్లు కొలిచేది. ఒక్కో కొలతకు రెండు బైట్లు. అంటే -32,768 నుంచి 32,767 వరకు ఏదో ఒక సంఖ్య. ఈ అంకెల వరుసకు ముందు ఒక చిన్న పీఠిక ఉంటుంది. సాదా ఫైళ్ళలో అది 44 బైట్లు. ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అనే నాలుగక్షరాలతో మొదలవుతుంది. ధ్వని ఎన్ని వరుసలలో ఉంది, సెకండుకు ఎన్ని కొలతలు, ఒక్కో కొలతకు ఎన్ని బిట్లు అన్న వివరాలు చెప్పి, చివరగా "ఇక్కడి నుంచి ఇన్ని బైట్లు ధ్వని" అని ముగుస్తుంది.

ఇందులో నాకు ముచ్చట గొలిపిన విషయం ఒకటుంది. సంఖ్యలను చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం తరువాత వచ్చేట్లు రాస్తారు. 44,100ను 68, 172, 0, 0 అనే నాలుగు బైట్లుగా రాస్తారు. 172ను 256తో హెచ్చించి 68 కలిపితే 44,100 వస్తుంది. కటపయాది పద్ధతిలోనూ, శాసనాల భూతసంఖ్యలలోనూ ఒకట్ల స్థానాన్ని ముందు చెప్పే మన పాతవాళ్ళకు దీన్ని వివరించనక్కరలేదు.

ఆ పీఠికలోనే నా చిక్కు కూడా ఉంది. పాట ఎంతసేపు సాగుతుందో రికార్డరుకు ముందుగా తెలియదు. కాబట్టి నిడివి చెప్పవలసిన చోట సున్నాలు పెట్టి మొదలుపెడుతుంది. ఆపు మీట నొక్కినప్పుడు వెనక్కి వెళ్ళి అసలు సంఖ్య రాస్తుంది. బ్యాటరీ అయిపోతే ఆ వెనక్కి వెళ్ళడం జరగదు. పాట అంతా లోపలే ఉంటుంది, పీఠిక మాత్రం ఏమీ లేదంటుంది. ప్లేయరు పీఠికను నమ్ముతుంది.

బాగుచేయడానికి పైథాన్ భాషలో పది పంక్తులు చాలాయి. ఫైలును మామూలు బైట్లుగా తెరిచి మొదటి 44 చదివాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి, నిడివులు మాత్రం సున్నాలు. మిగిలిన బైట్లన్నీ విడిగా తీసుకున్నాను. పైథాన్‌తో పాటే వచ్చే వేవ్ అనే మాడ్యూలుతో కొత్త ఫైలు తెరిచి, వరుస ఒకటి, కొలతకు రెండు బైట్లు, సెకండుకు 44,100 అని చెప్పి ఆ బైట్లను రాయించాను. మూసేటప్పుడు సరైన నిడివిని ఆ మాడ్యూలే పీఠికలో నింపుతుంది. 21,69,72,000 బైట్లను సెకండుకు 88,200 చొప్పున భాగిస్తే 2,460 సెకండ్లు. సరిగ్గా 41 నిమిషాల అమ్మమ్మ.

ఇక మొదటి భాగం సంగతి. అది బాగా వచ్చింది కనుక వేరే ఊళ్ళో ఉన్న పిన్నికి ఈమెయిల్‌లో పంపాలని ఎంపీ3గా కుదించాను. అది కూడా సెకండుకు 8,000 కొలతలకు దించి. డిస్కులో చోటు చాలక ఆ తరువాత అసలు ఫైలును చెరిపేశాను. ఆ పని నాదే, ఇంకెవరినీ అనడానికి లేదు. సెకండుకు 8,000 కొలతలలో 4,000 హెర్ట్‌జ్‌కు పైనున్న ధ్వని నిలవదు. సకారపు ఊదు ఎక్కువగా ఉండేది ఆ పైనే. ఇప్పుడు వింటే ఆవిడ ఒక చోట శకారం పలికిందో, సకారం పలికిందో తేల్చుకోలేను. పాట పాఠం రాసుకొనేవాడికి అది చిన్న నష్టం కాదు.

పాడైపోయిందనుకున్నది పూర్తిగా దక్కింది. భేషుగ్గా ఉందనుకున్నది ఎన్నటికీ బాగుపడదు. నా అభిప్రాయానికి మూలం ఇదే.

ఇది మనకు కొత్త పాఠం కూడా కాదు. ఒక్కో పత్రిక జాలస్థలానికి ఒక్కో ఫాంటు ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ఫాంటు లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలయ్యేది. బైట్లు ఉండేవి, వాటి అర్థం మాత్రం ఇంకెవరి జేబులోనో ఉండేది. యూనికోడ్ వచ్చి "త" అంటే 3108 అని అందరి ఎదుటా చెప్పాకనే మన రాత మనదైంది. వేవ్ ఫైలు గొంతుకు చేసే మేలు కూడా అటువంటిదే. దాని నియమం బహిరంగం, దాని వివరం దాని నొసటనే ఉంటుంది.

ఆక్షేపణలు లేకపోలేదు. చోటు ఎక్కువ పడుతుందనేది మొదటిది. నిజమే, నా లెక్కన గంటకు 31 కోట్ల బైట్లు దాటుతుంది. కానీ ఇవాళ ఫోనుతో తీసే వీడియోల ముందు అదెంత? రెండవది, ఏమీ పోగొట్టకుండానే కుదించే ఫ్లాక్ వంటి పద్ధతులున్నాయి కదా అని. ఉన్నాయి, నకళ్ళు దాచడానికి అవి మంచివే. కానీ ఫ్లాక్ ఫైలును కాగితం, పెన్సిలు పట్టుకొని విప్పలేము. వేవ్ ఫైలును విప్పగలం. వేవ్ ఫైలులో ఒక బైటు చెడితే ఒక కొలత చెడుతుంది, టిక్కుమని ఒక చప్పుడు వినిపించి పాట సాగిపోతుంది. మూడవది, పనిముట్లు మారిపోతాయని. 2024లో వచ్చిన పైథాన్ 3.13లో ధ్వనికి సంబంధించిన పాత మాడ్యూళ్ళు కొన్నిటిని తీసేశారు. వేవ్ మాడ్యూలును మాత్రం ఉంచారు. రేపు దాన్ని కూడా తీసేసినా 44 బైట్లు చదవడం తెలిసినవాడికి బెంగలేదు.

అందుచేత నా మనవి ఇది. ఇంట్లో పెద్దల పాటలు, కథలు రికార్డు చేసేవారు రికార్డరును వేవ్‌లో పెట్టండి. పంపడానికి ఎంపీ3 చేసుకోండి, అసలును చెరపకండి. తెరుచుకోని పాత ఫైలు ఏదైనా ఉంటే పారేసే ముందు దాని పరిమాణం చూడండి. పీఠిక మాట నమ్మి పుస్తకం లేదనుకోవద్దు.

ఆ 41వ నిమిషంలో అమ్మమ్మ పాట ఆపి, "ఏరా, అది ఇంకా తిరుగుతోందా?" అని అడుగుతుంది. "తిరుగుతోంది అమ్మమ్మా, పాడు" అంటాను నేను. అక్కడితో ఫైలు అయిపోతుంది.