వెనక కూర్చున్నవాడికి తల లేదా?

ఇరవయ్యెనిమిదేళ్ళొచ్చేదాకా నాకు బండి నడపడం రాదు. మా ఊళ్ళో ఈ మాట అంటే జనం నన్నొక వింత జంతువుని చూసినట్టు చూసేవాళ్ళు. "ఇంజనీరింగు సదివినోడివి, బండి రాదేట్రా?" అని. టెక్కలిలో చదివిన నాలుగేళ్ళూ కాలేజీ బస్సు, తర్వాత హైదరాబాదులో ఆఫీసు క్యాబులు, షేర్ ఆటోలు. అవసరం రాలేదు, అంతే.

అవసరం ఎప్పుడొచ్చిందంటే మా చిన్నాన్నకి డయాలసిస్ మొదలయ్యాక. మాది వజ్రపుకొత్తూరు మండలం. ఉద్దానం అంటే మీలో చాలామందికి జీడిమామిడి, కొబ్బరి, తిత్లీ తుపాను, కిడ్నీలు.. ఈ వరసలోనే గుర్తొస్తుంది కదా. మాకూ అంతే లెండి, కాకపోతే మా ఇంట్లో అన్నీ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీకి తోట పోయింది, తర్వాత చిన్నాన్న కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళాలి. మేనేజరుని బతిమాలి ఇంటి నుంచి పని చేసేలా ఒప్పించుకున్నాను గానీ మా ఊళ్ళో నెట్ నిలకడగా ఉండదు. అందుకని కాశీబుగ్గలో ఒక షాపు మీద గది తీసుకున్నాను. పొద్దున్నే చిన్నాన్నని డయాలసిస్ దగ్గర దింపడం, నేను గదికెళ్ళి పని చేసుకోవడం, నాలుగు గంటల తర్వాత ఆయన బయటికొస్తే నా భోజనం టైములో ఊళ్ళో దింపి మళ్ళీ రావడం. దానికోసం బండి కొన్నాను. షోరూములో ఒక హెల్మెట్ చేతిలో పెట్టారు. ఒకటే. బండికి సీటు ఇద్దరికుంది, ఫుట్‌రెస్టులు రెండు జతలున్నాయి, హెల్మెట్ మాత్రం ఒకటి. ఆ రోజు ఇది నాకూ తట్టలేదు.

లైసెన్సు సంగతి చెప్పకుండా ఉండలేను. ఎల్ఎల్ఆర్ తీసుకుని నెల ఆగాను, వెళ్ళి ఎనిమిది అంకె తిప్పాను, ఒకసారి కాలు కింద పెట్టాను, పాసయ్యాను. ఖాళీ గ్రౌండులో ఎనిమిది తిప్పినవాడికి మర్నాడు లారీల మధ్య హైవే మీద తిరిగే హక్కొచ్చేసింది! మనం మన దగ్గర రెండు లైన్ల కోడు మారిస్తే ఇద్దరు రివ్యూ చేసి, టెస్టింగ్ టీము చూసి, అప్పుడు గానీ ప్రొడక్షనుకి పంపం. మనిషిని మాత్రం నేరుగా ప్రొడక్షనులోకి తోసేస్తాం.

మొదటి వారం కాశీబుగ్గ బజార్లో రోజుకి నాలుగుసార్లు బండి ఆగిపోయేది. క్లచ్ వదలడం, గుర్రుమని ఆగిపోవడం, వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యకపోవడం. జీడిపప్పు దుకాణం ముందు కూర్చున్న పెద్దాయన నా కోసమే రోజూ ఎదురు చూసేవాడనుకుంటాను. "బావూ, అది గేదె కాదురా, తోసీకు" అనేవాడు. ఎడమ పక్క నుంచి ఓవర్‌టేక్ చేసేవాళ్ళు, చుట్టూ తిరిగి రావడానికి బద్ధకించి హైవే మీద రాంగ్ రూట్లో ఎదురొచ్చేవాళ్ళు, రెండు పక్కలా కొబ్బరికాయల బస్తాలు వేలాడేసుకుని వచ్చే బండ్లు, కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్ళు. రాత్రిపూట ఆ రాళ్ళు కనపడవు. ఎవరిని సలహా అడిగినా ఒకటే మాట: "ధైర్యంగా తోలాల". బ్రేకు ఎలా పట్టాలో, మలుపులో ఎక్కడ చూడాలో చెప్పినవాడు ఒక్కడూ లేడు.

మూడో వారంలో పడ్డాను. రెండు గంటలకి క్లయింట్ కాల్ ఉంది. ఆ రోజు చిన్నాన్నని బయటికి పంపడం కాస్త ఆలస్యమైంది. మధ్యాహ్నం ఎండ. ఊరి దగ్గర మలుపులో రోడ్డు మీద ఇసక పరుచుకుని ఉంది. మా వైపు గాలికి అది మామూలే. చూసి భయపడి, బండి వంగి ఉండగానే ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. అంతే, ముందు చక్రం జారిపోయింది. పెద్ద వేగం కూడా కాదు, ముప్ఫై ఉంటుందేమో.

నాకు హెల్మెట్ ఉంది. చిన్నాన్నకి లేదు.

ఆయన తల కిలోమీటరు రాయికి జానెడు దూరంలో పడింది. మోకాలు, మోచెయ్యి గీసుకుపోయాయి. మామూలు మనిషికైతే ఐదు నిమిషాల్లో ఆగిపోయే రక్తం. ఆగలేదు. నా తువ్వాలు తడిసిపోయింది, ఆయన తువ్వాలు తడిసిపోయింది. ఎడం చేతికి ఫిస్టులా దగ్గర సూదులు తీసి కట్టిన కట్టు కూడా ఎర్రబడింది. ఆటోలో వెనక్కి తీసుకెళ్తే అక్కడి నర్సమ్మ ముందు కట్టు కట్టింది, తర్వాత నాకు పెట్టింది తిట్లు. "డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం బాబూ. అది కొన్ని గంటలుంటాది. మోకాలు కాబట్టి సరిపోయింది, తలైతే?"

కిడ్నీలు పాడైనవాళ్ళకి రక్తంలో ప్లేట్‌లెట్లు కూడా సరిగ్గా పని చెయ్యవని తర్వాత చదివాను. అంటే మా బండ్ల మీద తలకి దెబ్బ తగిలితే అందరికంటే ముందు పోయేది వాళ్ళే. నాలుగు గంటల డయాలసిస్ తర్వాత నీరసంతో తూలుతుంటారు, బీపీ పడిపోయి ఉంటుంది, ఫిస్టులా ఉన్న చేత్తో గట్టిగా పట్టుకోలేరు. వాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని, హెల్మెట్ మాత్రం మనం పెట్టుకుంటాం. (అదీ పెట్టుకుంటే! మా వైపు ఎక్కువమంది హెల్మెట్లు పెట్రోలు ట్యాంకు మీదే ఉంటాయి.)

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. చట్టంలో ఏ లోపమూ లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపేవాడికీ, ఎక్కినవాడికీ ఇద్దరికీ హెల్మెట్ ఉండాలనే అంటుంది. 2019 సవరణలో నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ అని రాశారు. తలపాగా కట్టుకున్న సిక్కులకి మినహాయింపుంది, తలకి తువ్వాలు చుట్టుకున్న ఉద్దానం రైతుకి లేదు. లేకపోతే 1,000 రూపాయలు జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. హ్యాండిల్ వాళ్ళ చేతిలో లేదు, బ్రేకు వాళ్ళ కాలి కింద లేదు, గుంత కనపడేది మనకి. వాళ్ళు మనల్ని నమ్మి ఎక్కారు, అంతే.

వచ్చే జవాబులు నాకు తెలుసు. ఉక్కపోత అంటారు. నిజమే, మా తీరంలో మే నెలలో హెల్మెట్ అంటే తలకి ఇడ్లీ కుక్కరే. నాకూ ఉడుకుతుంది. నీరసంగా ఉన్నవాళ్ళు ఆ బరువు మొయ్యలేరు అంటారు. ఇది సరైన అభ్యంతరం, దీన్ని నేను కొట్టెయ్యను. చిన్నాన్న మొదటిసారి నిండు హెల్మెట్ పెట్టుకుని ఊపిరాడట్లేదని తీసేశాడు. ముఖం తెరిచి ఉండే తేలికపాటిది, ఐఎస్ఐ మార్కు ఉన్నది కొన్నాం. గడ్డానికి రక్షణ తక్కువే, తెలుసు. కానీ ఏమీ లేకపోవడం కంటే నయం కదా. అసలు మొయ్యలేని రోజు బండి వద్దు, ఆటో ఎక్కించాలి. 2019లో డయాలసిస్ రోగుల పింఛను 10,000 చేశారు కాబట్టి ఆటో మాట కనీసం అనగలుగుతున్నాను. అయినా మందులు పోను, వారానికి మూడుసార్లు రానూపోనూ ఆటో అంటే చాలా ఇళ్ళలో కుదరదని నాకూ తెలుసు. కుదరనివాళ్ళని నేనేమీ అనట్లేదు.

నేను అనేది మనల్ని. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి ఊరొచ్చే మనల్ని. అక్కడ చలానా పడుతుందని బుద్ధిగా హెల్మెట్ పెట్టుకుంటాం. ఇక్కడ బావగారి బండి తీసుకుని, ముందు ట్యాంకు మీద బాబు, వెనక భార్య, ఆవిడ ఒళ్ళో పాప, అలా టెక్కలి హైవే మీద రయ్యిమని పోతాం. "మన ఊరే కదా". ఫోను పగలకూడదని దానికి గాజు అంటించి, తొడుగు తొడిగి, ఇన్సూరెన్సు కూడా చేయించిన మనమే. ఏమన్నా అంటే తలరాత అంటాం. ఎర్రన్నాయుడు గారు 2012 నవంబరు 2న ఇదే హైవే మీద, రణస్థలం దగ్గర ప్రమాదంలో పోతే జిల్లా అంతా ఏడ్చింది. అప్పుడూ తలరాతే అన్నారు. నా ముందు బ్రేకుని మాత్రం ఏ బ్రహ్మదేవుడూ పట్టలేదు, నేనే పట్టాను. కాల్‌కి ఆలస్యమవుతుందని.

రెండో హెల్మెట్ కొన్నాక కొన్నాళ్ళు ఊళ్ళో నవ్వులు. "ఏట్రా, బాబాయిని సెంద్రుడి మీదికి ఒగ్గీస్తన్నావేటి?" అన్నారు. చిన్నాన్న సిగ్గుపడి ఊరు దాటేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకునేవాడు. పిన్ని ఒకరోజు గుమ్మంలోనే నిలబడి తలకి పెట్టించి, తనే బకిల్ వేసింది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

మొన్న శుక్రవారం హెల్మెట్ ఇంట్లో మర్చిపోయి బయల్దేరాం. రెండు కిలోమీటర్లు వచ్చాక ఆయనే తల తడుముకుని నా వీపు మీద తట్టాడు. బండి తిప్పాను. "పిల్లెదురొచ్చినా ఎనక్కి తిప్పనోడివి" అని గొణుక్కున్నాడు. ఆ రోజు డయాలసిస్‌కి పావుగంట ఆలస్యమయ్యాం, నర్సమ్మ మళ్ళీ తిట్టింది.