లెక్క అడిగే యజమాని

ఇటీవల ఒక తండ్రి పదో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకొచ్చి, ‘అయ్యగారూ, స్కూల్లో పెట్టిన స్టాక్ మార్కెట్ ఆటలో వీడికి మొదటి బహుమతి వచ్చింది, ప్రార్థన చేయండి’ అన్నాడు. ‘ఏ షేర్లు కొన్నావు బాబూ?’ అని అడిగితే టక్కున ఒక పేరు చెప్పాడు. ‘ఆ కంపెనీ ఏం తయారు చేస్తుంది?’ అంటే మాత్రం తల దించుకున్నాడు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికా పాఠశాలల్లో ‘స్టాక్ మార్కెట్ గేమ్’ 1977 నుంచి ఉంది. విద్యార్థులు జట్లుగా చేరి, లక్ష డాలర్ల ఉత్తుత్తి డబ్బుతో నిజమైన కంపెనీల షేర్లు ఆన్‌లైన్‌లో కొని అమ్ముతారు. ధర ఎందుకు పెరుగుతుంది, డబ్బంతా ఒకేచోట పెడితే ఏమవుతుంది అన్నవి పుస్తకంలోకన్నా ఇందులోనే బాగా బోధపడతాయి. కాబట్టి ఆటకు నేను వ్యతిరేకిని కాను. అయితే కొన్ని వారాల్లో ఎవరి డబ్బు ఎక్కువ పెరిగితే వారికే బహుమతి అన్నప్పుడు, పిల్లలు ఉన్నదంతా ఒకే షేరుపై ఒడ్డడం నేర్చుకుంటారు. పోయినా ఇంట్లో ఎవరూ పస్తుండరు కదా!

నిజమైన మార్కెట్లో అలా కాదు. సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరికి సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు. మంచి కంపెనీ షేరు కొని ఏళ్ల తరబడి దాచుకోవడం వేరు, ఈ పందెం వేరు. ఆ తేడా చెప్పని పాఠం పాఠమే కాదు.

యేసుప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానం (మత్తయి 25వ అధ్యాయం) మనకు తెలుసు. ఒక్క తలాంతు అంటే ఆనాటి కూలివాని దాదాపు 20 ఏళ్ల సంపాదన. యజమాని చాలాకాలం తర్వాత తిరిగొచ్చి లెక్క అడిగాడు. ఐదు తలాంతులు సంపాదించినవాణ్ణీ, రెండే సంపాదించినవాణ్ణీ ఒకేలా మెచ్చుకున్నాడు. ఆయన వారిలో నమ్మకత్వాన్ని చూశాడు.

మన ఉపాధ్యాయులు కూడా అలాగే లెక్క అడగాలి. ఏ షేరు ఎందుకు కొన్నారో, ఎందుకు అమ్మారో పిల్లలచేత రాయించి, ఆ రాతకే మార్కులివ్వాలి. నష్టపోయిన జట్టు తన పొరపాటును చక్కగా వివరిస్తే దానికీ బహుమతి ఇవ్వాలి.

ఆ బాబు కోసం ప్రార్థన చేశాను. ఆ కంపెనీ సంగతులు తెలుసుకొని, వచ్చే ఆదివారం నాకు చెప్పమన్నాను. ‘సరే అయ్యగారూ’ అని నవ్వాడు. అసలు చదువు అప్పుడే మొదలైంది!