తాడుకీ ఉంది ఎక్స్‌పైరీ డేట్!

బైక్ వెనక సామాను కట్టే హుక్కుల రబ్బరు తాడు మీ ఇంట్లో ఉందా? కొత్తలో గట్టిగా పట్టేస్తుంది. కొన్నేళ్లు ఎండలో తిరిగాక లాగితే సాగుతుంది, వెనక్కి మాత్రం రాదు. పైన గుడ్డ చూస్తే బాగానే ఉంటుంది! సామాను జారితే బండి ఆపి మళ్లీ కట్టుకుంటాం. మరి అలాంటి తాడు విమానానికి ఉంటే?

నిజంగానే ఉంటుంది. అమెరికాలోని అలాస్కాలో పైపర్ సూపర్ కబ్ లాంటి బుల్లి విమానాలు స్కీలు తొడుక్కుని మంచు మీద దిగుతాయి. 1950లలో డాన్ షెల్డన్ అనే పైలట్ తల్కీట్నా ఊరి నుంచి ఎగిరి డెనాలి పర్వతం మీది హిమానీనదాలపై ఇలాగే దిగేవాడు.

స్కీ ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది. గాల్లో దాని ముక్కు కిందకి వాలకుండా షాక్ కార్డ్ అనే రబ్బరు తాడు పైకి లాగి పట్టుకుంటుంది. అది తెగితే ఆదుకోడానికి పక్కనే ఉక్కు కేబుల్ ఉంటుంది. అదీ తెగిందో, స్కీ ముక్కు కిందకి తిరిగిపోతుంది. ఎదురుగాలి ఇంకా నొక్కేస్తుంది. ఇక విమానం పైలట్ మాట వినడం కష్టమే.

మరి పోయిన చలికాలం వాడిన తాడు ఈసారీ వాడొచ్చా? చిక్కంతా ఇక్కడే. లోపల సన్నటి రబ్బరు పోగులు, బయట అల్లిక తొడుగు. ఎండ, ఓజోన్, పెట్రోలు, ఆయిలు రబ్బరుని తినేస్తాయి. తొడుగు చిరిగినా, తాడు ఒకచోట సన్నబడినా, పట్టు వదులైనా మార్చేయాల్సిందే.

పైకి బాగున్నా సరే, వయసు చూడాలి. విమానాల షాక్ కార్డ్ అల్లికలో రంగు దారాలుంటాయి. ఒకటి తయారైన ఏడాది, ఇంకోటి అందులో ఏ మూడు నెలలో చెబుతాయి. తమాషా ఏంటంటే ఏడాది రంగులు ఐదేళ్లకోసారి మళ్లీ మొదటికొస్తాయి. అంటే ఐదేళ్ల పాత తాడు ఈ ఏడాది తాడులాగే కనిపించొచ్చు! అందుకే ఎప్పుడు బిగించారో లాగ్‌బుక్‌లో రాసుకోవాలి. వేసవంతా అలమరాలో దాచినా వయసు ఆగదు.

తీసేసిన తాడు పారేయక్కర్లేదు. షెడ్డులో సామాన్లు కట్టుకోవచ్చు. కానీ ముందు ముక్కలుగా కోసేయండి. లేకపోతే వచ్చే చలికాలం హడావుడిలో ఎవరో ఒకరు ‘బాగానే ఉందిగా’ అని మళ్లీ స్కీకి బిగించేస్తారు.