తృప్తి ఉంది కదా అని...

"పైసలు రాని పనికి అంత ఆరాటమెందుకు?" అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. కండ్లకోయలో వారానికి మూడు సాయంత్రాలు పదకొండు మంది స్త్రీలకు చదువు చెబుతున్నాను. పగలంతా కూలికి పోయి, ఇంటికొచ్చి వంట చేసి, ఎనిమిదింటికి వస్తారు. కునికిపాట్లు పడుతూనే దిద్దుతారు. మొన్న ఒకామె "అక్కా, బ్యాంకుల సంతకం నేనే పెట్టిన, వేలిముద్ర డబ్బా పక్కకు జరిపిన" అంది. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ముప్పయ్యేళ్లు ఇల్లు నడిపినా నాకు ఇలా ఎన్నడూ అనిపించలేదు.

అయినా దీన్ని ఎవరైనా 'సేవ' అంటే ఒళ్లు మండుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించారు. అక్షరదీపం రాత్రి బడుల్లోనే ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ బడుల్లో జీతం లేకుండా చదువు చెప్పిన వాలంటీర్లను మనలో ఎంతమంది తలుచుకుంటున్నాం?

ఇల్లు చూసుకోవడంలోనే ఆడదానికి తృప్తి ఉందంటూ తరతరాలుగా మనచేత జీతం లేని చాకిరీ చేయించారు. ఆ మాటే మన సంస్థల్లోనూ వినబడితే ఎలా? 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సు మనకు ఉచితమే, ఆటో కాదు గదా! పోయిన నెల మీటింగులో ఆటో చార్జీలు, నోటు పుస్తకాల ఖర్చు అడిగాను. "మీరు కూడానా?" అన్నట్టు చూశారు. సమాధానం ఇంకా రాలేదు.

సోమవారం క్లాసుకు వెళ్తాను. మళ్లీ మీటింగులో మళ్లీ అడుగుతాను.